మా బావ మాట ఆగితే

మా బావ ఎనిమిది టన్నుల హెలికాప్టర్ని నడిసముద్రంలో, గాలివానలో, ఊగిపోతున్న పడవ మీద జానెడు అటూ ఇటూ కాకుండా నిలబెట్టగలడు. నా డ్రైవింగ్ స్కూల్లో మాత్రం కారు రివర్సు చెయ్యడంలో రెండుసార్లు తప్పాడు. ఈ రెండు ముక్కలూ చెబితే ఆయన జీవితచరిత్ర ముప్పాతిక అయిపోయినట్టే. కానీ మా అక్క ఒప్పుకోదు. మిలిటరీ వాళ్ళ గురించి ఎవరు రాసినా పతకాలూ బ్యాండుమేళాలూ పెట్టి ఊదరగొడతారు, నువ్వు ఉన్నది ఉన్నట్టు రాయి అంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే బావకి కోపం వస్తుందే అన్నాను. వస్తే రానీ, నడుంనొప్పి మనిషి, నిన్ను వెంటపడి కొట్టలేడుగా అంది. ఆ ధైర్యంతో మొదలుపెడుతున్నాను.

పందొమ్మిదేళ్ళప్పుడు ఆయన వెళ్ళింది యుద్ధవిమానాలు నడపడానికి. రాతపరీక్ష, పరుగు, కళ్ళు, గుండె అన్నీ నెగ్గుకొచ్చాడు. ఆఖరి గదిలో ఒక డాక్టరు ఆయన్ని గోడకి ఆనించి కూర్చోబెట్టి, తుంటి నుంచి మోకాలి దాకా టేపు పెట్టి కొలిచాడు. రెండు సెంటీమీటర్లు ఎక్కువొచ్చింది. ప్రమాదం వచ్చి సీటుతో సహా పైకి ఎగిరిపోవాల్సి వస్తే మీ మోకాళ్ళు విమానంలోనే ఉండిపోతాయి, తక్కిన మీరు వెళ్ళిపోతారు అని ఆ డాక్టరు చాలా మర్యాదగా వివరించాడట. అలా రెండు సెంటీమీటర్ల తొడ ఎముక ఆయన్ని హెలికాప్టర్లలోకి తోసింది. అక్కడ సీటు ఎగరదు, కాబట్టి ఎవడి కాళ్ళు ఎంత పొడుగైనా పట్టించుకునేవాడు లేడు.

మొదటి నాలుగేళ్ళూ బంగాళాదుంప బస్తాలనీ జనరళ్ళనీ మోశాడు. రెండింటిలో బస్తాలే నయమనేవాడు, ఎక్కడ దించాలో సలహాలు ఇవ్వవు కాబట్టి. ఒకసారి ఒక జనరల్ గారు కిటికీలోంచి చూసి, అదుగో ఆ పచ్చటి మైదానంలో దించు అన్నారు. అది మైదానం కాదండీ, బురద అని బావ రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పడం క్రమశిక్షణ కాదు కాబట్టి దించాడు. జనరల్ గారు హుందాగా అడుగు బయటపెట్టి, మోకాలి దాకా దిగబడి, ఒక బూటు అక్కడే వదిలేసి తిరిగి ఎక్కారు. ఆ నెలాఖరుకి బావకి రెస్క్యూ స్క్వాడ్రన్‌కి బదిలీ అయింది. అప్పట్లో అదొక శిక్ష కింద లెక్క. వాన మబ్బు కనిపిస్తే అందరూ హెలికాప్టర్లని షెడ్డులోకి తోసుకుంటారు, వీళ్ళొక్కళ్ళే షెడ్డులోంచి బయటికి తీస్తారు.

ఆ బదిలీకి చేయించుకోవాల్సిన వైద్యపరీక్షలోనే మా అక్క దొరికింది. మా అక్క ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. సూది చూడగానే ఆ ఆరడుగుల మనిషి కళ్ళు తేలేసి కుర్చీలోంచి జారిపోయాడట. నీళ్ళు చల్లి లేపాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న, ఈ సంగతి రిపోర్టులో రాస్తారా అని. రాయనని మాటిచ్చింది. ఆ మాట అడ్డం పెట్టుకుని ఇప్పటికీ ఆయన్ని ఆడిస్తూనే ఉంది.

ఇక రెస్క్యూ పని ఎలా జరుగుతుందో చెప్పాలి. చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. నీళ్ళలో మనిషి ఉంటాడు, పైన హెలికాప్టర్ నిలబడుతుంది, ఇనుప తీగ కిందికి దిగుతుంది. ఇదంతా టీవీలో చూసి పైలటే చేస్తాడనుకుంటాం. పైలట్‌కి తన సీటు కింద ఏముందో కనిపించదు. నీళ్ళలో ఉన్న మనిషి సరిగ్గా ఆయన కిందికి వచ్చేసరికి కనుమరుగైపోతాడు. అప్పుడు వెనకాల, కుడివైపు తలుపు దగ్గర, నడుముకి బెల్టు కట్టుకుని బోర్లా పడుకుని తల బయటపెట్టి చూసే మనిషొకడు ఉంటాడు. తీగని దించేదీ లాగేదీ ఆయనే, పైలట్‌కి కళ్ళూ ఆయనే. ముందుకు పది, ఎనిమిది, ఆరు, కుడి రెండు, ఒకటి, నిలు, నిలు, తీగ దిగుతోంది, మనిషి అందుకున్నాడు, నిలు. ఇలా ఆపకుండా చెబుతూనే ఉంటాడు. పైలట్ చేతులు ఆ మాట వెంట పోతాయి. పైలట్ మేజరైనా సరే, వెనక చెప్పేవాడు సార్జెంటైనా సరే.

ఆ స్క్వాడ్రన్‌లో ఆ సార్జెంటుకి రేడియో అని పేరు. నేల మీద ఆయన నోరు విప్పడు. టీ కావాలా అంటే తలూపుతాడు, వద్దా అన్నా తలూపుతాడు. గాల్లోకి లేచాడంటే మాత్రం ఆపడం ఎవరి తరమూ కాదు. మా బావ కొత్తగా వెళ్ళిన రోజున ఆయన నేల మీద మాట్లాడిన మొత్తం ఇంత.

"సార్, కింద సెల్యూట్ నాది. పైన మాట నాది. నేను మాట్లాడుతున్నంతసేపూ నేను చెప్పినట్టు వెళ్ళండి. నా మాట ఆగితే మూడు లెక్కపెట్టండి. మూడో అంకెకి హెలికాప్టర్ పైకి లేచి పక్కకి తప్పుకోవాలి. ఎందుకు ఆగిందో పైకెళ్ళాక అడగండి."

"కింద తీగ మీద మనిషి ఉంటే?" అన్నాడు బావ.

"మనిషితో సహా లేవాలి సార్. వెనక నాకేదైనా అయిందో, తీగ ఎక్కడైనా చుట్టుకుందో, వైరు తెగి నా మాట మీకు వినబడడం లేదో మీకు తెలీదు. తెలీనప్పుడు అక్కడ ఉంటే అందరం పోతాం. నాలుగో అంకె లేదు."

నాలుగో అంకె లేదనే ఆ మాటని బావ తర్వాత కొత్త పైలట్లందరికీ నూరిపోశాడు. ఎందుకంటే మూడేళ్ళు తిరక్కుండానే ఆయన్నే నేర్పే పనిలో కూడా పెట్టారు. శిక్షకని పంపిన చోట మనిషి ఇరవై ఒక్క ఏళ్ళు వేళ్ళూనుకుపోయాడు. ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో ఆయన పైకి లాగించిన వాళ్ళ సంఖ్య నాకు తెలుసు గానీ చెబితే గొప్పలు పోయానంటాడు. వాళ్ళలో ఉత్తరం రాసినవాళ్ళు ఆరుగురు. అందులో ఒకాయన తన కుడికాలి బూటు నీళ్ళలో పడిపోవడానికి పైలట్ అజాగ్రత్తే కారణమని రాశాడు. బావ ఆ ఉత్తరానికి అద్దం కట్టించి భోజనాల గదిలో పెట్టాడు. బూట్లు ఆయనకి ముందునుంచీ అచ్చిరాలేదు.

సరుకు ఓడ వంటవాడొకడు ఉండేవాడు. ఓడ ఒరిగిపోతుంటే అందర్నీ లాగారు, ఇతను మాత్రం గరిటె చేత్తో పట్టుకుని, పొయ్యి ఆర్పకుండా రానని భీష్మించుకున్నాడు. నీళ్ళే వచ్చి ఆర్పుతాయి రా నాయనా అని రేడియో పైనుంచి తిట్టిన తిట్లు మొత్తం టేపులో ఉన్నాయి. స్క్వాడ్రన్‌లో పుట్టినరోజులకి ఆ టేపు వేసుకుని నవ్వుకునేవాళ్ళు.

నలభై ఆరో ఏట నడుము మొరాయించింది. హెలికాప్టర్ సీటులో కూర్చుంటే అది ఒక్క క్షణం కూడా కుదురుగా ఉండదు, పాతికేళ్ళు జల్లెడలో కూర్చున్నట్టే. వెన్నుపూసల మధ్య రెండు మెత్తలు అరిగిపోయాయని తేలింది. ముగ్గురు డాక్టర్లు కూర్చుని తీర్పు చెప్పారు. ఇక పైలట్ సీటులో కూర్చోకూడదు. కావాలంటే స్టోర్సు అధికారిగా వెయ్యొచ్చు. స్టోర్సంటే దుప్పట్లు, లైఫ్ జాకెట్లు, టార్చిలైట్లు. ప్రమోషన్ కూడా ఇస్తామన్నారు.

మా అక్క ఆ రోజు హాయిగా నిద్రపోయానని చెప్పింది. ఇరవై ఏళ్ళలో గాలి వీచిన ప్రతిసారీ కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడిన మనిషి తను. నేను కూడా సంతోషించాను. అయితే ఆ సంతోషం పదిహేను రోజులే నిలిచింది. బావ ఇంట్లో కూర్చుని వంటింటి డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాడు. ఉప్పు డబ్బా మీద ఉప్పు అనీ, దాని కింద ఆఖరిసారి నింపిన తేదీ అనీ. మా అక్క తల ప్రాణం తోకకొచ్చింది.

పదహారో రోజు పొద్దున టీ తాగుతూ ఆయన డాక్టర్ల కాగితం మళ్ళీ చదివాడు. కూర్చోకూడదు అని ఉంది. నిలబడవచ్చు, మోకాళ్ళ మీద ఉండవచ్చు, బోర్లా పడుకోవచ్చు అని కూడా ఉంది.

"బోర్లా పడుకోవచ్చట," అన్నాడు.

మా అక్కకి వెంటనే అర్థమైపోయింది. "బోర్లా పడుకోవాలంటే లోపల మంచం ఉంది," అంది.

ఆయన వెళ్ళి కమాండింగ్ ఆఫీసర్ని అడిగాడు. వెనక తలుపు దగ్గర పని ఇవ్వండి, రేడియో ఈ ఏడు రిటైరవుతున్నాడు, ఆ చోటు నాకివ్వండి అని. ఆ కమాండింగ్ ఆఫీసరు ఒకప్పుడు బావ దగ్గర నేర్చుకున్నవాడే. గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది పాపం. మేజరు చేసే పని కాదు సార్ అది అన్నాడు. చెయ్యకూడదని ఎక్కడైనా రాసుందా అని బావ. వెతికించారు. రాసి లేదు. ఏ ఆఫీసరైనా అలాంటిది కోరతాడని ఊహించినవాడు లేకపోవడంతో రూల్సు రాసేవాళ్ళు ఆ పేజీ వదిలేశారు. సరే, అందరిలాగే రెండు నెలల శిక్షణ, రెండుసార్లు పరీక్ష, రెండోసారీ తప్పితే దుప్పట్లు అని తేల్చారు. శిక్షణ ఇచ్చేదీ పరీక్ష పెట్టేదీ రేడియోనే.

బావకి ఆ రెండు నెలలూ చావుబతుకుల సమస్య. పాసైతే గాల్లో ఉంటాడు. తప్పితే జన్మలో హెలికాప్టర్ ఎక్కడు. ఇది ఆయన నోటితో చెప్పలేదు. నా దగ్గరికి వచ్చి, "ఒరేయ్, నీ స్కూల్లో ఖాళీ కారుందా?" అన్నాడంతే.

నా స్కూలు వెనక పెద్ద ఆవరణ ఉంది. చుట్టూ ఇటుక గోడ, నేల మీద తెల్లగీతలు, పాత టైర్లు, ప్లాస్టిక్ కోన్లు. సాయంత్రం నేర్చుకునేవాళ్ళు వెళ్ళిపోయాక కారు వెనకద్దానికి దుప్పటి కట్టాం, పక్కద్దాలు లోపలికి మడిచేశాం. స్టీరింగ్ దగ్గర నేను. వెనకాల, కారు బయట, గోడకేసి తిరిగి బావ. ఆయన చెప్పినట్టు నేను రివర్సులో వెళ్ళి రెండు కోన్ల మధ్య ఆపాలి. ఆయన మాట ఆగితే మూడు లెక్కపెట్టి బ్రేకు వెయ్యాలి.

మొదటి రోజు ఆయన చెప్పింది యథాతథంగా రాస్తాను. "కొంచెం వెనక్కి రా. ఇంకొంచెం. పర్లేదు, రావచ్చు. దయచేసి కుడివైపు చూసుకో."

"ఎవరి కుడి?" అన్నాను.

"కుడి అంటే కుడేరా."

"నువ్వు అటు తిరిగి నిలబడ్డావు బావా. నీ కుడా, నా కుడా?"

ఆయన ఆలోచించేలోపు వెనకదీపం గోడకి తగిలి పగిలింది.

అసలు చిక్కు అక్కడే ఉంది. పాతికేళ్ళు పైలట్ సీటులో కూర్చున్న మనిషికి ముందంటే హెలికాప్టర్ ముక్కే. కుడంటే తన కుడిచెయ్యే. ఇప్పుడు తలుపు దగ్గర పక్కకి తిరిగి పడుకుంటే హెలికాప్టర్‌కి ముందు తనకి ఎడమవుతుంది, హెలికాప్టర్‌కి కుడి తనకి ముందవుతుంది. కొత్తగా చేరిన ఇరవయ్యేళ్ళ పిల్లలకి ఇది వారంలో పట్టుబడుతుందట. వాళ్ళ ఒంట్లో పైలట్ లేడు కాబట్టి. మా బావకి ముందు ఒంట్లోంచి పైలట్‌ని దించాలి. నేనేమో రోజూ పాతికమందికి కుడీ ఎడమా చెప్పి తిట్టి బతికేవాణ్ణి. జీవితంలో మొదటిసారి ఆయన్ని తిట్టే అధికారం నాకొచ్చింది, వదులుకుంటానా.

"కొంచెం అనే మాట ఎత్తకు బావా. కొంచెం అంటే ఎంత? నాకు అంకె చెప్పు."

"దయచేసి ఎందుకు? నేను గోడకి గుద్దుకుంటుంటే నీ మర్యాద నాకెందుకు?"

"మాట ఆగింది. బ్రేకేశాను. ఏం చేస్తున్నావు అక్కడ?"

"తుమ్మొచ్చింది రా."

"తుమ్మితే తుమ్ముతున్నానని చెప్పు."

పది దీపాలు పగిలాయి. ఒక కోను కారు కింద ఇరుక్కుని రెండు వీధులు మాతో ప్రయాణం చేసింది. మా అక్క ఆస్పత్రి నుంచి వచ్చి, గేటు దగ్గర చెయ్యి నడుము మీద పెట్టుకుని చూసి, ఇద్దర్నీ కలిపి ఒకే ఆస్పత్రిలో చేర్పిస్తానంది. కానీ నెల తిరిగేసరికి ఆయన మాట దారిలో పడింది. వెనక్కి నాలుగు, మూడు, రెండు, ఎడమ ఒకటి, ఒకటి, అర, నిలు. కళ్ళు మూసుకుని కూడా వెళ్ళగలిగేవాణ్ణి. ఆ గొంతు వింటూ వెళుతుంటే నాకేదో ధీమాగా ఉండేది. ఆయనకి చెప్పలేదనుకోండి.

మొదటి పరీక్షలో తప్పాడు. నీళ్ళ మీద పడవ, తీగకి మనిషంత బరువున్న బొమ్మ, దాన్ని పడవ మీద దించాలి. అంతా చక్కగా చెప్పుకొచ్చి, ఆఖర్న ఒంట్లోని పైలట్ లేచాడు. కుడి అనబోయి ముందు అన్నాడు. బొమ్మ వెళ్ళి పడవకి పది మీటర్ల అవతల నీళ్ళలో దిగింది. నేలకి దిగాక రేడియో చెప్పిన తీర్పు మూడే మాటలు.

"బొమ్మ పోయింది సార్."

రెండోది, ఆఖరిది, మూడు వారాల తర్వాత. ఆ రోజు హెలికాప్టర్ నడిపింది చిన్న కెప్టెన్. బావ నేర్పినవాళ్ళలో ఆఖరిది, అందరికంటే చురుకైనది, స్క్వాడ్రన్ మొత్తం ఆ అమ్మాయిని చిన్న కెప్టెన్ అనే పిలిచేది. నేనూ అక్కా సెలవు పెట్టి వెళ్ళాం. ఒడ్డున సిమెంటు గట్టు మీద కుటుంబాల వాళ్ళు నిలబడడానికి చోటుంది. గాలి బాగా వీస్తోంది. హెలికాప్టర్ పడవ మీదికి వచ్చి ఆగింది. తీగ దిగింది. సగం దిగి నిలిచిపోయింది.

"ఏమైందిరా, అలా నిలబడిపోయింది?" అంది అక్క.

"నిలబడడమే కదే దాని పని," అన్నాను.

తర్వాత తీగ మళ్ళీ కదిలింది. బొమ్మ పడవ నడిమధ్యన, గుమ్మంలో చెప్పులు విడిచినంత నెమ్మదిగా దిగింది. పడవలో ఉన్నవాళ్ళు చేతులూపారు. పాసవకూడదని మనసులో మొక్కుకుందేమో అని నేననుకున్న మా అక్క, నా భుజం మీద గట్టిగా చరిచి చప్పట్లు కొట్టింది.

పరీక్ష అయ్యాక టేపు వినడం అక్కడి పద్ధతి. గాల్లో మాట్లాడిన ప్రతి మాటా రికార్డవుతుంది, గదిలో కూర్చుని అందరూ మళ్ళీ వింటారు. మమ్మల్ని పక్కనే ఉన్న టీగదిలో కూర్చోబెట్టారు. మధ్యన ప్లైవుడ్ గోడ. అవతల ఎవడైనా గోక్కుంటే ఇవతల వినిపిస్తుంది.

టేపులో బావ గొంతు వచ్చింది. ముందుకు ఆరు, నాలుగు, కుడి రెండు, తీగ సగం, ముందుకు రెండు. అంతే. తర్వాత ఇంజను హోరు మాత్రమే. నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. మూడు అనేసరికి నా కుడికాలు టీగది నేలని గట్టిగా తొక్కింది. నాలుగు. ఐదు. ఆరు. ఏడు. అప్పుడు మళ్ళీ బావ గొంతు. ఒకటి, నిలు, తీగ దిగుతోంది.

టేపు ఆగింది. రేడియో గొంతు సవరించుకున్నాడు. "అక్కడొక్కచోట కాస్త గ్యాప్ వచ్చింది. మిగతాదంతా బాగుంది సార్. పాస్ రాస్తున్నాను."

"ఎన్ని సెకన్లు?" అన్నాడు బావ.

"మూడు, మూడున్నర ఉంటుంది సార్."

"ఏడు. నడుం పట్టేసింది. ఊపిరాడలేదు. పడుకుని లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను, ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు లేస్తుంది అని." గొంతు చిన్న కెప్టెన్ వైపు తిరిగింది. నెమ్మదిగా అడిగాడు. "ఎందుకు లేవలేదమ్మా?"

చిన్న కెప్టెన్ ఒక్కమాట అంది.

"వెనక ఉన్నది మీరు కదా సార్."

"అయితే?"

"మీరు మళ్ళీ మాట్లాడతారని తెలుసు సార్. మీరు ఆపేసి వెళ్ళిపోరు కదా."

మా అక్క నా చెయ్యి పట్టుకుంది. అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నేను పనికిరాను," అన్నాడు బావ. "తప్పాడని రాయండి."

రేడియో నేల మీద అంత మాట్లాడగా వినడం అదే మొదటిసారి. "తప్పు ఆ అమ్మాయిది సార్, మీది కాదు. ఆ అమ్మాయితో మీకు డ్యూటీ వెయ్యం. వేరే పైలట్లతో వేస్తాం. నడుముకి బెల్టు మార్చుకుందాం. సార్, నేను రిటైరయ్యాక ఆ తలుపు దగ్గర మీరుంటారనే ధైర్యంతో ఉన్నాను."

"వేరే పైలటంటే ఎవరు? ఈ స్క్వాడ్రన్‌లో నేను నేర్పని పైలట్ ఒక్కడి పేరు చెప్పండి."

పదకొండుమంది పైలట్లు, పదకొండుమందికీ గురువు ఈయనే.

"వాళ్ళంతా నాకోసం ఆగుతారు," అన్నాడు బావ. "ఇవాళ బొమ్మ. రేపు తీగ ఏ స్తంభానికో చుట్టుకుని, నేను స్పృహ తప్పి పడుంటే, సార్ మాట్లాడతారులే అని అక్కడే నిలబడతారు. నా వల్ల అందరూ పోతారు. రాయండి."

ఆ కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు కూడా మాకు వినిపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. పది దీపాలు పగలగొట్టించుకుని, రెండు నెలలు గొంతు చించుకుని నేర్పితే, పాసని రాసిస్తున్న కాగితాన్ని చేజేతులా తిప్పికొడతాడా? మా అక్కకి ఇరవై ఏళ్ళ కోరిక తీరిన రోజు అది. తను ఏడుస్తోంది. సంతోషంతో కాదు. "ఒరేయ్, ఆయనకి ఇంకేం మిగిలిందిరా," అంది.

బావ బయటికొచ్చాడు. వెనకే చిన్న కెప్టెన్, ఎర్రబడ్డ కళ్ళతో. క్షమించమని అడగబోయింది. ఆయన అడగనివ్వలేదు.

"రేపు ఎనిమిదింటికి శిక్షణ షెడ్డుకి రా," అన్నాడు. అక్కడ రెక్కల్లేని ఒక పాత హెలికాప్టర్ డొక్కుని నేలకి బిగించి ఉంచారు, కొత్తవాళ్ళు దాంట్లో కూర్చుని నేర్చుకుంటారు. "ఇవాళ నాకోసం ఆగావు, రేపు ఇంకొకరికోసం ఆగుతావు. నువ్వు ముందు కూర్చో. నేను వెనకాల పడుకుని చెబుతాను. చెప్పి చెప్పి ఆగిపోతాను. నువ్వు పైకి లేపే పిడి లాగాలి, లాగితే లేచినట్టే."

"ఎన్నిసార్లు సార్?"

"నా మీద నమ్మకం పోయేదాకా."

ఆయన దుప్పట్ల ఉద్యోగంలో చేరాడు. మధ్యాహ్నాలు దుప్పట్లు, పొద్దున్నే షెడ్డు. పదకొండుమందీ వంతులేసుకుని వచ్చారు. మగపిల్లలు నాలుగైదు రోజుల్లో దారికొచ్చారు. ఆ అమ్మాయికే చేతకాలేదు. ఐదు దాకా ఆగేది. నాలుగు దాకా ఆగేది. ఆయన వెనకాల దగ్గేవాడు, మూలిగేవాడు, ఒకసారి నిజంగానే పట్టేసి అమ్మా అన్నాడు. అయినా ఆ అమ్మాయి లేచేది కాదు. ఈ మనిషి కాఠిన్యం చూసి నాకు విసుగొచ్చేది. ఎవరి కళ్ళల్లోనైనా మన మీద అంత నమ్మకం కనిపిస్తే దాచుకుంటాం గానీ, కూర్చుని రోజూ చెరుపుకుంటామా?

ఇరవై మూడో రోజు ఆయన షెడ్డు నుంచి నేరుగా నా స్కూలుకి వచ్చాడు. నేను ఆవరణలో కోన్లు సర్దుతున్నాను.

"లేచిందిరా," అన్నాడు. "మనసులో మూడు అనుకున్నాను, అనుకునేలోపే లేచింది. నాకోసం ఆగకుండా పైకెళ్ళిపోయింది."

"సంతోషమేనా బావా?"

"చాలా సంతోషంగా ఉంది." గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. "నువ్వు కాసేపు లోపలికి వెళ్ళరా."

నేను కోన్లు అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళాను.